లూపే అత్తయ్య కంప్యూటర్

టోంగా దేశంలోని నెయాఫు రేవుకి ఎదురుగా ఉన్న వీధిలో కెలేపికి రిపేరు షాపు ఉంది. ఫోన్లు, లాప్‌టాప్‌లు, పడవల్లో దారి చూపించే యంత్రాలు, ఏవి తెచ్చినా కాదనడు. తెరచాప పడవల మీద దేశాలు తిరిగే తెల్లవాళ్లు రేవులో దిగే కాలమైతే అతనికి తిండి తినే తీరిక కూడా ఉండదు. అలాంటి రోజుల్లోనే లూపే అత్తయ్య కబురు పెట్టింది. కంప్యూటర్ లేవడం లేదట.

లూపే అతని మేనత్త, తండ్రికి అక్క. మేనత్త పిలిస్తే చేతిలో పని అక్కడే పడేసి పరిగెత్తడం వవావు దీవుల్లో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన మర్యాదే. కెలేపి మాత్రం మూడోసారి కబురొచ్చేదాకా కదల్లేదు.

"వచ్చావా దొరా! రేవులోవాళ్లు సెలవిచ్చారా?" అంది లూపే, గుమ్మంలోనే.

"అదేంటత్తయ్యా, అలా దెప్పుతారు! అయినా ఇంకా ఈ డొక్కునే పట్టుకుని వేళ్లాడతారేంటి? చూసినవాళ్లు నవ్వుతారు."

"దానికన్నా నేను పాతదాన్ని. ముందు నన్ను పారేసి రా, తర్వాత దాని సంగతి చూద్దాం."

ఆక్లండ్‌లోని బంధువులు ఎప్పుడో ఓడలో పంపిన కంప్యూటర్ అది. అందులో ఉన్నది విండోస్ 98. చర్చి పాటల స్వరాలను టోంగా పద్ధతిలో అంకెలుగా, నాలుగు గొంతులకీ నాలుగు వరసల్లో అచ్చువేసే ప్రోగ్రామ్ ఒకటి దాంట్లో ఉంది. ఎవరో బడిపంతులు సొంతంగా చేసిపెట్టాడు. ఆయన పోయాడు. కొత్త కంప్యూటర్లలో అది నడవదు. చర్చిలో పాటలు కట్టేదీ నేర్పేదీ లూపేయే. అందుకే ఆమె ఆ పెట్టెను వదల్లేదు.

కెలేపి స్విచ్ వేసి చూశాడు. నల్లటి తెర మీద రెండు తెల్ల అక్షరాల వరసలు వచ్చి ఆగిపోయాయి. విండోస్ మళ్లీ ఎక్కించాలి. ఉన్నదాని మీదే ఎక్కించవచ్చు, కానీ మధ్యలో మొరాయిస్తే మళ్లీ మొదటికొస్తుంది. డిస్కంతా తుడిచేసి ఎక్కిస్తే పని శుభ్రంగా, తొందరగా అయిపోతుంది.

లూపే కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు పొట్లం పళ్లెంలో తెచ్చి పక్కన పెట్టింది. "నా పాటలన్నీ అందులోనే ఉన్నాయిరా. చూసి చెయ్యి."

"ఫ్లాపీల్లోకి తీసి దాచుకోమని చెప్పాను కదా?"

"దాచానుగా. నువ్వు చూపించినట్టే." అల్మరాలోని డబ్బా చూపించింది.

అతను ఆ డబ్బా తెరవలేదు. అప్పుడే ఫోన్ మోగింది. పడవ యజమాని ఒకడు, తన యంత్రం సాయంత్రానికల్లా కావాలని అరుస్తున్నాడు. కెలేపి ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "అయిపోతుంది, వచ్చేస్తున్నా" అంటూనే కంప్యూటర్ అడిగినదానికి జవాబిచ్చాడు. డిస్కులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని అది అడిగింది. సరేనన్నాడు.

చీకటి పడకముందే పని అయిపోయింది. తెర మీద ఆకుపచ్చా నీలం కలిసిన ఆ పాత రంగు పరుచుకోగానే లూపే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. అల్మరాలో విడిగా ఉన్న ఫ్లాపీతో పంతులుగారి ప్రోగ్రామ్ కూడా ఎక్కించి, డబ్బాలోంచి మొదటి ఫ్లాపీ తీసి పెట్టాడు. పాటల పేర్లన్నీ వరసగా వచ్చాయి. ఒకదాన్ని నొక్కాడు. ఇంకొకదాన్ని నొక్కాడు. ఫ్లాపీ మార్చాడు.

"ఏమంటోందిరా?"

"దొరకలేదంటోంది అత్తయ్యా."

"వెతకమను."

అతను ఫైళ్ల సైజులు చూశాడు. ఫ్లాపీల్లో ఉన్నవి పాటలు కావు. పాటలు ఎక్కడున్నాయో చూపించే గుర్తులు, అంతే. "ఈ బొమ్మని పట్టుకుని ఇక్కడికి లాగితే చాలు" అని ఒకప్పుడు హడావుడిగా నేర్పి వెళ్లిపోయింది తనే. ఆమె తన మేనల్లుడు చెప్పింది చెప్పినట్టే చేసింది.

ఉన్నమాట చెప్పేశాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టే హక్కు ఆమెకు ఉంది, కొట్టే హక్కు కూడా ఉంది. లూపే "పళ్లెం ముట్టుకోలేదు. తిను, చల్లారిపోయింది" అని లోపలికి వెళ్లింది.

మర్నాడే కెలేపి ఆ డిస్కుని ఊడదీసి ఓడలో రాజధాని నుకుఅలోఫాకి పంపించాడు. అక్కడ ఇలాంటివి చూసేవాడు ఫోన్ చేసి, "పాతదాని మీద కొత్తది రాసేశావు కదన్నా, ఇంకేం మిగుల్తుంది?" అన్నాడు. కెలేపి షాపు మూసి చర్చి అల్మరాలు వెతికాడు. పాడేవాళ్ల ఇళ్లకి తిరిగి, వాళ్ల దగ్గర మడతలు పడి ఉన్న కాగితాలు అడిగి తెచ్చాడు. కాగితం లేనిచోట వాళ్లచేత పాడించుకున్నాడు. వాటన్నిటినీ ఆ కంప్యూటర్ ముందే కూర్చుని మళ్లీ ఎక్కించాడు. చాలా పాటలు తిరిగొచ్చాయి. ఒక్కటి మాత్రం ఎవరి దగ్గరా లేదు. దాన్ని ఇంకా ఎవరికీ నేర్పలేదు.

"అదేం పాట అత్తయ్యా?"

"మీ నాన్నది."

"నాన్నదా?"

"ఊహ వచ్చిన దగ్గర్నుంచీ మేమిద్దరం ఒక గదిలో కూర్చుని ఎరగం. అక్కాతమ్ముళ్ల మర్యాద అలాంటిది. వాడితో ఒక వేళాకోళం ఆడలేదు, ఒక కష్టం చెప్పుకోలేదు. వాడు పోయినప్పుడు అక్కనని నన్ను తల దగ్గర కూర్చోబెట్టారు చూడు, అప్పుడే వాడి మొహం తీరిగ్గా చూశాను. చెవి పక్కన చిన్న మచ్చ ఉంది, అదీ తెలీదు నాకు. చెప్పాలనుకున్నవన్నీ అందులో పెట్టానురా."

"చెప్పండి. నేను రాస్తాను."

ఆమె కళ్లు మూసుకుని కూనిరాగం తీసింది. అతను అంకెలు ఎక్కించాడు. ఆడగొంతుల వరస సాఫీగా సాగింది. మగగొంతులు కొంతదూరం వచ్చాయి. ఆ తర్వాత తడబడింది.

"ఇక్కడ కింది గొంతులు పైకి లేస్తాయి. ఇలా... కాదు. ఇది కాదు."

మరో రోజు మళ్లీ కూర్చున్నారు. ఇంకో రోజు కూర్చున్నారు. వచ్చినంత వరకే వచ్చేది, అక్కడే తెగిపోయేది. కొత్తగా ఏదైనా కట్టమంటే తల అడ్డంగా ఊపింది. చివరికొకనాడు మీటల మీద ఉన్న అతని చేతిని మెల్లగా పట్టుకుని, "ఆపెయ్ నాన్నా. నాకు వినపడ్డంలేదు" అంది.

ఆ మాట కన్నా నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండుననిపించింది కెలేపికి. ఆ రోజు సాయంత్రానికే కావాలని అరిచిన పడవవాడు ఆ తర్వాత కూడా మూడు వారాలు రేవులోనే ఉన్నాడు.

కెలేపి తండ్రి సితివేని సంవత్సరీకం రోజున సమాధి మీద కొత్తగా తెల్ల ఇసుక పోశారు. ఆచారం ప్రకారం నడుములకి చాపలు చుట్టుకుని అందరూ నిలబడ్డారు. లూపే చెయ్యెత్తింది. ఆమె నేర్పిన మేరకు, మిగిలినంత పాటా పాడారు. మగగొంతులు లేవాల్సిన చోట ఆమె చెయ్యి దించేసింది. తర్వాతి వరస అప్పటికప్పుడు అందిస్తుందనుకుని ఆమె వైపే చూస్తూ నోళ్లు తెరుచుకుని ఉండిపోయారు పాడేవాళ్లు.

"అంతే," అంది లూపే.

ఇప్పుడు ఆ పాట వేరే ఊళ్ల చర్చిల్లో కూడా పాడుతున్నారు. పిల్లలు సైతం సరిగ్గా అక్కడికే ఆపుతారు. మొన్న హాపై దీవుల నుంచి వచ్చిన పాటల గురువొకాయన లూపే చేతులు పట్టుకుని, "అలా మధ్యలో వదిలెయ్యాలన్న ఆలోచన మీకు ఎలా వచ్చిందమ్మా! దుఃఖమంటే అదే కదా" అన్నాడు. పక్కనే నిలబడ్డ కెలేపి నోరు తెరవబోయాడు. లూపే అతని వంక చూడకుండానే, ఆ పెద్దమనిషికి తల వంచి కృతజ్ఞత చెప్పింది.