నోట్లో నిప్పు లేని రోజు

"నిప్పు నా నోట్లో ఉంటాది గదే. పిల్ల మీద ఎలగ పడతాది?" కూర్మమ్మ మళ్లీ అదే మాట అంది.

"నోరు మూసుకుని కూకుంటే పడదత్తా. నువ్వు కూకుంటేనా?" అంది కోడలు గురమ్మ, పిల్ల పాదం మీది బొబ్బకు కొబ్బరినూనె రాస్తూ.

వెలిగే కొనను నోటిలోపల పెట్టుకుని అడ్డపొగ పీల్చడం కూర్మమ్మకు పెళ్లినాటి అలవాటు. నిన్న ఎవరినో కేకలేయడానికి చుట్ట బయటికి తీసింది. నిప్పురవ్వ ఒడిలోని మనవరాలి పాదం మీద రాలింది. చుట్ట మానితే తప్ప, తాను చేపల గంపతో అమ్మకానికి పోయే రోజుల్లో కూడా పిల్లను అత్తకు ఇవ్వనని గురమ్మ పట్టు.

కొడుకు గంగులు నైలాను వల బాగుచేసుకుంటూ తల ఎత్తలేదు. "కాసింత ఉగ్గబట్టుకోయే అమ్మా," అన్నాడు.

కూర్మమ్మ రొంటినున్న చుట్టలు తీసి పొయ్యిలో పడేసి, ఎండు నెత్తళ్ల చేపల గంప ఎత్తుకుంది.

రామతీర్థం దారి ఎక్కేసరికే నోరు పరాయిదానిలా తోచింది. కాలి కాలి మొద్దుబారిన అంగిట్లో నాలుక దేన్నో వెతుక్కుంటోంది. చింతగింజ బుగ్గన పెట్టుకుంది, ఉమ్మేసింది. వక్క కొరికింది. బేరమాడిన ముసలామెను కసిరింది. మళ్లీ సగం వీధి వెనక్కి నడిచి, ఆమె చేటలో గుప్పెడు నెత్తళ్లు పోసి వచ్చింది.

తాటినీడన పక్కనే కూర్చున్న తోటి చేపలామె జగ్గమ్మ చుట్ట ముట్టించింది. "ఏటే, ఉపాసమా? కోడలు నోటికి తాళమేసీసినాదా?"

"నాకెవలేస్తారే తాళం," అంటూ కూర్మమ్మ లేచి, పొగ రాని చోట ఎండలో కూర్చుంది.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరింది. గురమ్మ దగ్గరికొచ్చి వాసన చూసింది, నవ్వింది. పిల్లను అత్త ఒడిలో పెట్టి నీళ్లకు వెళ్లింది.

కాసేపటికి పిల్ల ఏడుపందుకుంది. కూర్మమ్మ ఊపింది, జోకొట్టింది. ఏడుపు ఆగలేదు. పొద్దుటినుంచీ ఒళ్లంతా పాకుతున్న చిరాకు చేతుల్లోకి దిగింది. చెయ్యి పిల్ల తొడమీద చెళ్లున పడింది. పిల్ల ఊపిరి బిగబట్టి ఆమెనే చూసింది.

ఇంతసేపూ ఉగ్గబట్టుకోవలసింది చుట్టనొక్కదాన్నే అనుకుంటూ వచ్చింది కూర్మమ్మ.

దీపం పెట్టాక, అందరూ కంచాల ముందు ఉండగా మెల్లగా అంది. "రేపట్నుంచి పిల్లని నాకియ్యకండి. సుట్ట ముట్టను. ఈ సిరాకు తగ్గినాక నానే అడుగుతాను. అందాకా గురమ్మ ఇంటికాడే ఉంటాది, దాని వంతు గంప కూడా నానే అమ్ముకొస్తాను."

గంగులు ముద్ద ఆపాడు.

"ఈయేల బాగానే ఉన్నావు గదత్తా," అంది గురమ్మ.

"లేను," అంది కూర్మమ్మ.

ఆమె ఒడిలో, చీర మడతలో, పిల్ల చేతినుంచి జారిన నల్లగాజు ఒకటి ఉండిపోయింది.