మహాదేవమ్మ కుడి భుజం

బస్సు కర్నూలు చేరేసరికి మహాదేవమ్మ కుడి భుజం మొద్దుబారిపోయింది. ఆలూరు నుంచి దారి పొడుగునా, గోనెసంచి చుట్టిన రొట్టెల మిషన్ మలుపు మలుపుకీ జరుగుతుంటే ఆ చేత్తోనే దాన్ని అదిమి పట్టుకుని కూర్చుంది. పక్కన, తనతోపాటు రొట్టెలు చేసే శివజ్యోతి కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. వెనక సీట్లో మేనల్లుడు రంగనాథ్ మాత్రం కన్ను మూయలేదు. జేబులోంచి కాగితం తీయడం, పెదాలు కదుపుతూ చదువుకోవడం, మళ్ళీ మడిచి పెట్టుకోవడం. సభలో చెప్పాల్సిన పది నిమిషాల ముచ్చట అందులో ఉంది.

"ఎన్నిసార్లు సదువుతావప్పా, పరీక్షకు పోయేవాని మాదిరి" అంది మహాదేవమ్మ వెనక్కి తిరిగి.

"ఆడ మరిసిపోతే ఎట్ల అత్తా?"

"మరిసిపోతే మిషన్ తిప్పు. నీ బదులు అదే చెప్తాది."

మహాదేవమ్మ జొన్నరొట్టెలు తట్టి అమ్మడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు. మొదట ఇంటి అరుగు మీద ఒక్కతే చేసేది. ఇప్పుడు ఆలూరు బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఆరుమంది ఆడవాళ్ళు పొద్దున నాలుగు గంటలకల్లా పొయ్యిలు వెలిగిస్తారు. హోటళ్ళకూ, హాస్టలుకూ రొట్టెలు అక్కడినుంచే పోతాయి. ఆమె వంతుకు రోజూ నూటయాభై రొట్టెలకు తక్కువ కాకుండా వస్తాయి. ఒక్కో రొట్టె పలుచబడాలంటే అరచెయ్యి ఎన్నిసార్లు పలక మీద పడాలో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ, భుజానికి మాత్రం ఆ లెక్క తెలుసు.

నిరుడు ఆదోనిలో డాక్టరుకు చూపించుకుంది. "చేతికి రెస్ట్ ఇవ్వాలమ్మా" అన్నాడాయన. "ఆ రెస్టు అనేది ఏ షాపులో దొరుకుతాదో చీటీ రాసియ్యి సార్" అంది మహాదేవమ్మ. ఆమె నిజంగానే అడిగింది. ఆయన నవ్వాడు.

ఆ తరవాత చెయ్యి పైకి లేవడం మానేసింది. తలకు నూనె పెట్టుకోలేకపోయేది, ముడి వేసుకోలేకపోయేది. రోజూ షెడ్డులోనే శివజ్యోతి ఆమె వెనక మోకాళ్ళ మీద కూర్చుని జుట్టు ముడివేసేది. ఒకరోజు వెల్డింగ్ షాపునుంచి రొట్టెలకోసం వచ్చిన రంగనాథ్ అది చూశాడు. మరుసటి రోజు అట్టముక్క, పెన్సిలు తెచ్చి, "అత్తా, దీనిమీద చెయ్యి పెట్టు" అన్నాడు. పెట్టింది. అరచెయ్యి చుట్టూ గీత గీసుకుని పోయాడు.

పది నెలలు పట్టింది. పాత లారీ వైపర్ మోటారుతో ఒక పళ్ళెం తిరుగుతుంది. దానిమీద టైరు రబ్బరుతో కోసిన చెయ్యి లేచి పడుతుంటుంది. ఆ రబ్బరు చెయ్యి మహాదేవమ్మ చెయ్యే. బొటనవేలి దగ్గర వాలు కూడా అలాగే ఉంటుంది. మొదటి మూడు మిషన్లూ పాత ఇనుముకు పోయాయి. నాలుగోది రొట్టె తట్టింది. అందంగా అని కాదు, తినేటట్టు తట్టింది. ఆ రోజు ఆరుగురు ఆడవాళ్ళూ పొయ్యిలు వదిలి దాని చుట్టూ నిలబడ్డారు.

ఈ సభ కబురు తెచ్చింది కూడా రంగనాథే. జిల్లాలో సొంతంగా ఏదైనా కనిపెట్టినవాళ్ళనూ, ఊళ్ళకు మేలు చేసిన పెద్దలనూ పిలిచి మాట్లాడిస్తారట. పేరు 'మన ఊరి తెలివి'. వచ్చినవాటిలో ఒకదాన్ని ఎంచి, అలాంటివి ఆరు చేయించి మహిళా సంఘానికి ఇస్తారట. ఆరు మిషన్లు, షెడ్డులో ఆరుగురు. వారం రోజులుగా మహాదేవమ్మ మనసులో ఈ రెండు ఆర్లే తిరుగుతున్నాయి.

కల్యాణమంటపం నిండా కుర్చీలు వేశారు. వేదిక మీద బ్యానరు, దాని కింద స్టవ్వు, రెండు బల్లలు. సభ పెద్ద రామకోటయ్య ఎదురొచ్చాడు. కిరాణా హోల్‌సేలు వ్యాపారి. తెల్లని లాల్చీ, చేతిలో బడిగంట.

"పది నిమిషాలు కాగానే గంట కొడతా. ఎవరైనా ఒకటే" అన్నాడు నవ్వుతూ. తరవాత మహాదేవమ్మను చూసి, "ఈమేనా మీ అత్త? మంచిపని చేసినావు. ఒక పని చేద్దాం. ఈ పక్క ఆమె చేత్తో చేస్తాది, ఆ పక్క నువ్వు మిషన్‌తో చెయ్యి. జనాలకు తేడా తెలుస్తాది."

రంగనాథ్ ముఖం వెలిగింది. "అట్లే సార్."

మహాదేవమ్మ మిషన్‌కు పిండి కలిపిపెట్టడానికని వచ్చింది గానీ రొట్టె తట్టడానికి కాదు. ఆ మాట అనేలోపే రామకోటయ్య బల్లమీద ప్యాకెట్లు పెట్టించాడు. వాటిమీద ఆయన షాపు పేరు ఉంది.

"మేం పిండి తెచ్చుకున్యాం సార్" అన్నాడు రంగనాథ్. "నిన్ననే మరపట్టించినాం."

"ఇంత దూరం పిండి మోసుకొస్తిరా? అదేం మాటప్పా. మా ఊరికొచ్చినోళ్ళ పిండి మేం తింటామా? ఇదే వాడండి. బ్యానర్లో కూడా మా షాపు పేరు ఏయించినా."

ఆయన పోయాక మహాదేవమ్మ ప్యాకెట్టు చింపి, చిటికెడు పిండి తీసి వేళ్ళమధ్య నలిపి, నాలుక కొసకు అద్దుకుంది. కొంచెం చేదు తగిలింది.

"ఇది ముసలి పిండి అల్లుడా. దీనికి జిగి ల్యా. రొట్టె ఇరిగిపోతాది."

"పెద్దాయన నోరు తెరిచి అడిగినాడు గదత్తా. ఆయనే గదా ఎంచేది. కాదంటే ఏమనుకుంటాడు?"

"మన పిండి సంచిలోనే ఉండాది."

"ఏం కాదులే. ఉడుకునీళ్ళు పోస్తే అదే సర్దుకుంటాది."

మహాదేవమ్మ ఇంకోమాట అనేదే. అప్పటికి భుజం సలపరం మొదలైంది, నోరు విప్పడం కూడా పనిలాగే తోచింది. ప్యాకెట్టు బల్లమీద పెట్టేసింది.

సభ మొదలైంది. సైకిలు చక్రంతో కలుపు తీసే పనిముట్టు చేసిన చిన్న ఈరన్న తన కాళ్ళకేసి చూస్తూ మాట్లాడాడు. మొదటి ఏడు నిమిషాలూ తమ ఊరు ఎక్కడుందో చెప్పడానికే పోయాయి. పనిముట్టు దగ్గరికొచ్చేసరికి గంట మోగింది. ఆయన "సరే అయితే" అని దండం పెట్టి దిగిపోయాడు. తరవాత ఒక మాజీ సర్పంచి తాను కట్టించిన చెక్‌డ్యాం గురించి మాట్లాడాడు. గంట పది నిమిషాలకూ మోగలేదు, ఇరవైకీ మోగలేదు.

"గంట పోగొట్టుకున్యాడేమోక్కా ఆయన" అంది శివజ్యోతి గుసగుసగా.

"ల్యా. మనకోసం దాచిపెట్టినాడు."

రంగనాథ్ పేరు పిలిచారు. కాగితం తీయకుండానే బాగా చెప్పాడు. అత్త జుట్టు ముడి వేసుకోలేని సంగతి చెప్పినప్పుడు ఆడవాళ్ళ వరసలో కొందరు ముందుకు వంగారు. మహాదేవమ్మకు సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది. తరవాత మిషన్ దగ్గర శివజ్యోతి, ఇటు మహాదేవమ్మ పిండి కలిపారు.

పిండి చేతిలోకి రాగానే ఆమెకు అంతా తెలిసిపోయింది. మామూలుగా పోసే నీళ్ళు దీనికి చాలవు. ఇంకాస్త మరిగే నీళ్ళు పోసి, మడమతో తొక్కినట్టు మణికట్టుతో గట్టిగా నెడితేగానీ కలవదు. శివజ్యోతికి ఆ సంగతి సైగ చేద్దామని చూసింది. శివజ్యోతి మైకు పట్టుకున్నతనికి ఏదో జవాబు చెబుతోంది.

అప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. తన రొట్టె కూడా విరగ్గొడితే? రెండూ విరిగితే తప్పు పిండిదని తెలుస్తుంది. ఇరవై రెండేళ్ళు మంచిగా చేసిన చెయ్యి ఒక్కపూట చెడగొడితే ఏం పోతుంది?

ఉండను గట్టిగా నెట్టకుండా వదిలేసింది. పలక మీద పెట్టి, అంచు మందంగా ఉండేటట్టు తట్టబోయింది. అంచు దగ్గర చిన్న బీట కనబడింది. ఆమె వద్దనుకుంటూనే ఉంది, తడి వేలు పోయి ఆ బీటను పూడ్చేసింది. ఉండను మళ్ళీ దగ్గరికి తీసింది, నెట్టింది, తిప్పింది. భుజంలో సూది దిగినట్టయింది. అయినా చెయ్యి ఆగలేదు. ఆకలైన పసిబిడ్డను చూస్తే తల్లికి పాలు వచ్చినట్టు, పిండిని చూస్తే ఆ చేతికి పని వస్తుంది. ఆమె మాట అది వినలేదు. రొట్టె పెనం మీద పడి, తడిగుడ్డతో తుడిచి తిరగెయ్యగానే పూర్ణచంద్రుడిలా పొంగింది.

జనం చప్పట్లు కొట్టారు. అటుపక్క రబ్బరు చెయ్యి టపటపమంటూ పడుతోంది. మొదటి రొట్టె అంచులు పగిలింది. రెండోది పళ్ళేనికి అతుక్కుని ముక్కలైంది. మూడోదాన్ని రంగనాథ్ చేత్తో ఎత్తబోతే సగం కిందపడింది. వెనకనుంచి ఎవరో ఈల వేశారు. మహాదేవమ్మ అప్పటికి నాలుగు రొట్టెలు చేసింది.

రామకోటయ్య మైకు అందుకున్నాడు. "చూసినారు గదా. యంత్రం యంత్రమే, తల్లి చెయ్యి తల్లి చెయ్యే. ఆ ప్రేమ ఇనుముకు యాడనుంచి వస్తాది? మన సీమ రుచి మన ఆడపడుచుల చేతుల్లో ఉండాది" అని, ఆమెకు శాలువా కప్పాడు. అది సరిగ్గా కుడి భుజం మీద బరువుగా పడింది. "రెండు మాటలు చెప్పమ్మా."

మైకు నోటి దగ్గరికొచ్చింది. ఆమె చెప్పాల్సింది ఒక్కటే. అది ఆయన ముఖం మీద చెప్పాలి.

"మిషన్ది తప్పు ల్యా సామీ" అంది. పక్కనే నిలబడ్డ రామకోటయ్యకేసి చూసింది. "పిండి... నాకు శానా భుజం నొప్పి. రాత్రి అటు తిరిగి పండుకోల్యాను. అది ఉంటే నాకు..."

"విన్నారా!" రామకోటయ్య అందుకున్నాడు. "అంత నొప్పి పెట్టుకుని కూడా మనకోసం చేసింది. చప్పట్లు కొట్టండప్పా."

చప్పట్లు మోగాయి. వాటిమీద గంట కూడా మోగింది.

ఎంపికైంది చెక్‌డ్యాం అని భోజనాలకు ముందే తెలిసింది. ఆరు చెక్‌డ్యాంలు చేయించి మహిళా సంఘానికి ఎట్లా ఇస్తారని శివజ్యోతి అడిగింది. నవ్వడానికి ఎవరికీ ఓపిక లేదు.

వేదిక వెనక రంగనాథ్ మిషన్‌కు గోనెసంచి చుడుతున్నాడు. తల ఎత్తడంలేదు. మహాదేవమ్మ మెట్టు మీద కూర్చుంది. ఆమె దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చింది. ఎర్రంచు చీర, చేతులనిండా గాజులు. రామకోటయ్య భార్య సుందరలక్ష్మి.

"మా మనవరాలు నాగశ్రీకి వచ్చేనెల ఓణీల ఫంక్షనమ్మా. రెండొందల రొట్టెలు కావాల. నీ చేతివే కావాలని ఆయన అప్పుడే అందరికీ చెప్పేసినాడు."

మహాదేవమ్మ ఆమెకేసి చూసింది. మైకు ముందు మింగేసిన మాట ఇక్కడ సులువుగానే బయటికొచ్చింది. "అమ్మా, ఆ ప్యాకెట్ల పిండి పాతది. మిషన్ అందుకే చెడింది."

సుందరలక్ష్మి ఒకసారి వెనక్కి చూసుకుంది. పక్కనే మెట్టు మీద చతికిలబడి, మోకాళ్ళు రుద్దుకుంది.

"నాకు తెల్దా? ఉగాది ముందరివి అవి. ఇంట్లో నేను ఆ పిండి ముట్టను. ఆయనకు ఎవరు చెప్తారు? నలభై ఏండ్లనించీ చెప్పలేక నాకే అలుపొచ్చింది."

లోపల ఎవరో ధన్యవాదాలు చెబుతున్నారు.

"రొట్టెలు చేస్తానమ్మా" అంది మహాదేవమ్మ. "మిషన్ మీదనే చేస్తా. కొత్త పిండి మరపట్టించి పెట్టు. పిండి నేనే కలుపుతా. తట్టేది మాత్రం అదే. ఒప్పుకుంటేనే."

"పొంగుతాయా?"

"పొంగుతాయి" అంది. అంత గట్టిగా చెప్పడానికి తనకు ఆధారం ఏమిటో ఆమెకే తెలియదు.

సుందరలక్ష్మి ఆలోచించింది. "సరే. మావాళ్ళకు మాత్రం చేతివేనని చెప్పుకుంటాం. ఏమనుకోవద్దు."

అనుకోవడానికి మహాదేవమ్మ దగ్గర ఏమీ మిగల్లేదు. తలూపింది.

తిరుగు బస్సులో రంగనాథ్ మిషన్ వంక కూడా చూడలేదు. "పాత ఇనుముకు ఏసేస్తా అత్తా."

"ఎయ్యి. ఆ చెయ్యి నాది. కోసిచ్చి ఎయ్యి."

అతను మిషన్ మీద జారిన గోనెసంచి సర్ది కట్టాడు.

మరునాడు పొద్దున షెడ్డులో, కర్నూలు దాకా పోయి విప్పకుండా తిరిగొచ్చిన పిండిసంచి విప్పారు. మహాదేవమ్మ మరిగే నీళ్ళు పోసి, తనకు చేతనైనంత గట్టిగా కలిపి, ఉండ చేసి పళ్ళెం మీద పెట్టింది. రంగనాథ్ స్విచ్చి వేశాడు. మొదటిది అంచు పగిలింది. ఇంకాస్త నీళ్ళు చిలకరించి మళ్ళీ కలిపింది. రెండోది మందంగా వచ్చింది. మూడోది పలుచగా, గుండ్రంగా జారి శివజ్యోతి చేతుల్లోకి వచ్చింది. పెనం మీద వేసి తిరగేసింది.

"ఒక పక్కే పొంగిందక్కా" అంది శివజ్యోతి.

"ఒక పక్కన్నా పొంగింది గదా. ఇంకోటి పెట్టు."

రంగనాథ్ ఉండ పెట్టాడు. రబ్బరు చెయ్యి లేచి పడుతోంది. మహాదేవమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. శివజ్యోతి వచ్చి వెనక మోకాళ్ళ మీద కూర్చుని ఆమె జుట్టు విప్పి దువ్వడం మొదలుపెట్టింది. మిషన్ చప్పుడుకు ఒళ్ళో ఆ వేళ్ళు ఇంకా కదులుతూనే ఉన్నాయి. మహాదేవమ్మ ఎడమచెయ్యి తెచ్చి వాటిమీద మెల్లగా వేసింది.