గుండ్రటి గోడలకున్న చట్టం

మా తమ్ముడి ఇంటిని పట్టపగలే కూల్చారు. బడి కిటికీలోంచి నేనూ, నేను పాఠం చెప్పే పిల్లలూ చూశాం. పాఠం ఆపి పరుగెత్తాను.

పలకరాతి గనిలో సమ్మె మొదలయ్యాక, అందులో పనిచేసే మా తమ్ముడు ఇద్వల్‌ను కంపెనీ ఇంట్లోంచి గెంటేశారు. మా వేల్స్ కొండల్లో ఒక నమ్మకం ఉంది. ఉమ్మడి బీడులో రాత్రికి రాత్రే గోడలు లేపి, తెల్లారేసరికి పొయ్యి రాజేసి పొగ చూపిస్తే ఆ ఇల్లు కట్టుకున్నవాడిదే. గనివాళ్లంతా తలో చెయ్యీ వేసి అలాగే కట్టారు. రాళ్లు మాత్రం అక్కడే పాడుబడి ఉన్న పాతకాలపు గుండ్రటి ఇళ్ల గోడలనుంచి తీశారు. మా తాతలు గొర్రెల దొడ్లకు అక్కడినుంచే తెచ్చుకునేవారు. తప్పని ఎవరికీ తోచలేదు.

జమీందారు ఏజెంటు ప్రైస్ పోలీసులతో వచ్చాడు.

"పొగ చూశారుగా దొరా. ఇల్లు నాది," అన్నాడు ఇద్వల్.

"పొగ కాదు, రాళ్లు చూశాను. రెండువేల ఏళ్లనాటి ఇళ్లవి. ప్రభుత్వ రక్షణలో ఉన్నాయి."

"అయితే మా ఆవిడనీ, పిల్లల్నీ ఇంకో రెండువేల ఏళ్లు ఆగమంటారా? అప్పుడు రక్షిస్తారా?"

గనివాళ్లు నవ్వారు. ఇల్లు కూలింది. ఇద్వల్‌ను జైలుకు తీసుకుపోయారు. రాతిదుమ్ము ముందే తినేసిన ఊపిరితిత్తులు అక్కడి చలికి ఆగలేదు. శవాన్ని నేనే తెచ్చుకున్నాను. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

మట్టి చేశాక ప్రార్థనా మందిరంలో సమావేశం జరిగింది. సమ్మె విరమిద్దామన్నవాళ్లే ఎక్కువ. ఇళ్లలో రొట్టె లేదు, వాళ్లను తప్పుపట్టలేను. ఇద్వల్ భార్య నెస్తా లేచింది.

"పనిలోకి పోయేవాళ్లు పోండి. నేను ఆ గుండ్రటి గోడల మధ్యకే పోతున్నా. వాటిని కూల్చడానికి చట్టం ఒప్పుకోదటగా."

"పైకప్పు లేదు కదమ్మా," అన్నాడు ముసలి గనికార్మికుడు ఎమ్రిస్.

"నీ కోటు ఉందిగా తాతా."

ఎవరో నవ్వారు. ఎమ్రిస్ కోటు విప్పి ఇచ్చాడు.

మరునాడు సగంమందికి పైగా గనిలోకి దిగిపోయారు. మిగిలినవాళ్లం వానలో ఆ గోడల మధ్య కూర్చున్నాం. బడి ఉద్యోగం పోతుందని తెలిసే వెళ్లాను. గెలుస్తామని మాలో ఎవరూ అనుకోలేదు.

పోలీసులు ఒక్కొక్కరినీ ఎత్తి బయట పడేశారు.

"మెల్లగా, మెల్లగా. రాయి కదలకూడదు," అంటున్నాడు ప్రైస్.

నెస్తాను బురదలో దించారు. ఆమె లేచి, చంకలోని పాప ముక్కు తుడిచి, మళ్లీ ఆ గోడల సందులోంచి లోపలికి నడిచింది. ఆమె వెనక ఎమ్రిస్. ఆయన వెనక నేను.