పూత మీద ఇచ్చిన మాట

తన సన్మానానికి వచ్చేవాళ్ళ భోజనాల కోసం స్టెల్లా తనే ఉల్లిపాయలు కోస్తోంది. ఒకటీ రెండూ కాదు, గంపెడు. ముసునూరులో అత్తవారింటి ముందు షామియానా వేశారు, కుర్చీలు దించారు, మైకువాడు మధ్యాహ్నం నుంచీ "హలో, హలో" అంటూ వీధి ప్రాణం తీస్తున్నాడు. గేటు పక్కన ఫ్లెక్సీ కట్టారు. అందులో మామగారు చిన్నరాయప్ప దణ్ణం పెడుతున్నాడు, మొగుడు మార్టిన్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నవ్వుతున్నాడు, ముఖ్య అతిథి శ్యామ్ సుందర్ నిలువెత్తున నిలబడ్డాడు. స్టెల్లా కింద మూలన, పోస్టుకార్డంత ఉంది. నిక్కరు వేసుకున్న ఫొటో బాగోదని పెళ్ళిచీర ఫొటో పెట్టించారు. ఫుట్‌బాల్ క్రీడాకారిణికి ఘన సన్మానమట. వెతికినా ఒక్క బంతి లేదు అందులో.

"కాస్త సన్నగా కొయ్యవే తల్లీ. ఆటలో ఉన్న చురుకు ఇక్కడా చూపించు" అని అత్తగారు అమృతమ్మ నవ్వుతూ అటు వెళ్ళింది. నవ్వుతూ అన్న మాటకి కోపం తెచ్చుకుంటే తప్పు కోడలిదే అవుతుంది. ఆ నవ్వుకున్న సుఖం అదే.

స్టెల్లా బెంగళూరులో ఒక క్లబ్బుకి ఆడుతుంది. సరదాకి కాదు, ఉద్యోగంగా ఆడుతుంది. ఆమెది మిడ్‌ఫీల్డు. వెనకవాళ్ళ దగ్గర బంతి అందుకుని ముందువాళ్ళకి అందించే చోటు, ముందువాళ్ళు పోగొడితే మళ్ళీ వెనక్కి పరుగెత్తి లాక్కొచ్చే చోటు. మైదానంలో అందరికంటే ఎక్కువ పరుగెత్తేది వాళ్ళే, మర్నాడు పేపర్లో పేరు రానిదీ వాళ్ళకే. "ఈ ఏడు ఎన్ని గోల్సు కొట్టావే?" అని అమృతమ్మ అడిగింది, సీజను అయ్యి ఇంటికి వచ్చిన రోజే. ఒకటి అంటే, "ఒక్కదానికోసం మొగుణ్ణి వదిలేసి అన్ని నెలలు అక్కడుండాలా?" అంది. "మా ఆవిడ మధ్యలో అటూ ఇటూ తిరుగుతుంటుందిరా" అని మార్టిన్ స్నేహితులకి చెప్పి నవ్వించాడు. నవ్వండి. ఇంట్లో మాత్రం ఆమె చేస్తున్నదేమిటి? పొయ్యి దగ్గర నుంచి మామిడికాయల షెడ్డుకి, షెడ్డు దగ్గర నుంచి పొయ్యికి, ఒకళ్ళకి టీ, ఒకళ్ళకి మందు బిళ్ళ, ఒకళ్ళకి వేణ్ణీళ్ళు. ఇదీ మధ్యలో తిరగడమే. కాకపోతే మైదానంలో పదిమంది ఆమె కోసం చూస్తారు, "స్టెల్లా, ఇటు!" అని గొంతు చించుకుంటారు. తప్పు చేస్తే కోచ్ తిడుతుంది, బాగా ఆడితే గట్టిగా వాటేసుకుంటుంది. ఇక్కడ కూరలో ఉప్పు తక్కువైనప్పుడు తప్ప కోడలనేది ఒకతి ఉన్నట్టు ఎవరికీ గుర్తుండదు. పొద్దున్నే పరుగుకి వెళ్ళొస్తే, "వంగి వాకిలి ఊడిస్తే అదే ఎక్సర్‌సైజు కదా" అన్నాడు మార్టిన్.

పెళ్ళిచూపుల్లో ఇతనే, "పెళ్ళయ్యాక కూడా ఆడనిస్తానండీ" అన్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంది, నాన్న చేతులు జోడించాడు. ఎంత మంచి అబ్బాయో అని స్టెల్లా కూడా అనుకుంది. ఆడనిచ్చేవాడు ఆపనూ గలడని అప్పుడు తట్టలేదు. ఇప్పుడు ఆమెకి ఇరవై ఎనిమిదేళ్ళు. కాలూ, ఊపిరీ, ఆటని ముందుగా చూసే కన్నూ మూడూ ఒకచోట కలిసిన వయసు. క్లబ్బు మరో రెండు సీజన్లకి తీసుకుంది. సోమవారం నుంచి క్యాంపు. టికెట్టు కూడా తీసేసింది. మార్టిన్‌కి చెప్తే "సరేలే, చూద్దాం" అన్నాడు.

చీకటి పడే వేళకి జనం వచ్చారు. స్టెల్లా పెరట్లో బిరియానీ గుండిగ దగ్గరే ఉంది. మైకులో మార్టిన్ గొంతు ఇంటి మీదుగా పెరట్లోకి వచ్చింది.

"మా ఆవిడ ఇన్నాళ్ళూ ఆడి మన ఊరికి పేరు తెచ్చింది. ఇక ఆట చాలించి, ఈ జూన్ నుంచి మన శ్యామ్ సుందర్ గారి స్కూల్లో పి.ఇ.టి.గా చేరబోతోంది!"

చప్పట్లు మోగాయి. గరిటె స్టెల్లా చేతిలో ఆగిపోయింది.

"ఏంటత్తయ్యా ఇది?"

"నీకు చెప్పలేదా వాడు?" అమృతమ్మ కొత్తిమీర తుంచుతూనే అంది. "జనవరిలోనే మాటిచ్చేశాడుగా. మైలవరంలో శ్యామ్ సుందర్ గారి మామిడి తోట మీద ఎంతమంది కన్నేశారనుకున్నావ్? ఆయనేమో స్కూల్లో ఆడపిల్లలకి ఆటలు నేర్పే మనిషి కావాలన్నాడు. వీడు నిన్ను పంపుతానన్నాడు. ఆయన తోట కాపు మనకిచ్చాడు. పూత మీద ఇచ్చిన మాటమ్మా, తప్పకూడదు."

ఆ మాటకి అర్థం నూజివీడు వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. జనవరిలో మామిళ్ళు పూతమీద ఉండగానే వ్యాపారి తోటంతా తిరిగి బేరం కుదుర్చుకుంటాడు. పిందె ఇంకా కంటికి కనపడదు. తర్వాత మంచు పట్టి పూత మాడినా, గాలివానకి కాయంతా రాలినా, ఇచ్చిన మాట మాటే. అలా నిలబడే చిన్నరాయప్ప మామిడి షావుకారయ్యాడు. అంటే జనవరిలో, తను బెంగళూరులో చలికి వణుకుతూ పొద్దున్నే బూట్లు కట్టుకుంటున్నప్పుడు, ఇక్కడ ఈ పెద్దమనుషులిద్దరూ చెట్ల కింద నిలబడి తనని తోటతో మార్చుకున్నారు. నెలరోజులుగా షెడ్డులో తను గడ్డి పరిచి, కాయ తుడిచి, పెట్టెల్లో సర్దింది ఆ తోట కాయనే. తనని అమ్మి కొన్న పంటని తనచేతే మోయించారు. స్టెల్లాకి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా భగ్గుమంది.

"స్టెల్లా గారూ, స్టేజీ మీదికి రావాలి!"

మసి చేతులు కొంగుకి తుడుచుకుని వెళ్ళింది. శ్యామ్ సుందర్ శాలువా కప్పాడు. ఫొటోకని మార్టిన్ పక్కన చేరి, "రెండే ముక్కలు. థాంక్స్ చెప్పి దిగు" అని చెవిలో చెప్పి మైకిచ్చాడు.

స్టెల్లా ముందు వరసలో ఉన్న చిన్నరాయప్ప వైపు తిరిగింది.

"మావయ్యగారూ, ఒక్కటి అడుగుతానండీ. తోట సొంతదారు ఊళ్ళో లేనప్పుడు, అతన్ని అడక్కుండా ఇంకెవరో పూత మీద మాటిచ్చారనుకోండి. ఆ బేరం చెల్లుతుందా?"

"ఎలా చెల్లుద్దమ్మా? సొంతదారు చెప్పని మాట మాటే కాదు" అన్నాడు చిన్నరాయప్ప, కోడలు ఎందుకు అడిగిందో తోచేలోపే. వెనక కూర్చున్న తోటల వాళ్ళు కూడా తలలాడించారు. ఆ తర్వాత ఆయన కొడుకు మొహం చూసి, తల దించుకున్నాడు.

"విన్నారు కదండీ శ్యామ్ సుందర్ గారూ. ఈ కాళ్ళు నావి. జనవరిలో నన్నెవరూ అడగలేదు. సోమవారం నుంచి నేను బెంగళూరులో ఉంటాను, ఇంకో రెండేళ్ళు ఆడతాను. మీ స్కూలు పిల్లలకి మంచి టీచర్ని చూసుకోండి, వాళ్ళకి అవసరమే."

శ్యామ్ సుందర్ చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. మార్టిన్ మైకు లాక్కోబోయాడు. తన మీదికొచ్చేవాళ్ళ నుంచి బంతి కాపాడుకోవడం చిన్నప్పటి నుంచీ ఆమె పని. భుజం అడ్డం పెట్టి పక్కకి తిరిగింది, అంతే.

"ఇంట్లోకెళ్ళి మాట్లాడుకుందాం" పళ్ళ బిగువున అన్నాడు.

"ఇంట్లో మాట్లాడాల్సింది జనవరిలోనండీ."

"నా మాట పోతుంది స్టెల్లా! నలుగురిలో నా మాట పోతుంది!"

ఇద్దరి మధ్యా మైకు ఉంది. వీధి చివర దాకా వినపడింది ఆ మాట. స్టెల్లా శాలువా తీసి, మడతపెట్టి, మార్టిన్ భుజం మీద వేసింది.

"పోనివ్వకండి. ఇచ్చింది మీరు కదా. స్కూలు తెరిచే రోజు విజిల్ మెళ్ళో వేసుకుని మీరే వెళ్ళండి."