ఇద్దరూ తీసిన లింకు

దర్జీకి అందరూ పెట్టిన పేరు సర్దుబాటు. బిగుతైన చొక్కా పట్టుకొచ్చినా, పోట్లాడుకున్న మొగుడూపెళ్లాలొచ్చినా ఆయన దగ్గర మందొకటే: ఇటు కాస్త వదులు, అటు కాస్త బిగువు. పదిమంది తగువులూ తీర్చాడు గానీ సొంత అల్లుళ్ల తగువు మాత్రం ఆయన చేతికి లొంగలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా!

అల్లుళ్లిద్దరూ కరెంటు పనివాళ్లే. అదే వచ్చిన చిక్కు. చిన్నవాడు తన పెళ్లిరోజునే పందిట్లో లైట్లు చూసి, "ఈ వైరింగు ఎవరిదండీ? కళ్లకు గంతలు కట్టుకుని చేసినట్టుందే" అన్నాడు. ఆ వైరింగు చేసిన పెద్దల్లుడు పక్కనే ఉన్నాడు. అంతే, ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పక్కపక్కనే భోంచేస్తూ, "అత్తయ్యా, ఆయన్ని ఉప్పు ఇటు జరపమనండి" అంటారు. ఎంత చోద్యమండీ! దర్జీ భార్య మనసులో కోరిక ఒక్కటే. "వీళ్లిద్దరూ మాట్లాడుకోగా ఒక్కసారి వింటే చాలు నాకు. ఇంకేం అడగను" అనేది.

దర్జీ ఇల్లు గుట్ట వాలులో, కరెంటు స్తంభాలు రాని చోట ఉంది. పెద్దల్లుడు పైకప్పు మీద సోలార్ పలకలు బిగించి, వెనక గదిలో బ్యాటరీలూ ఇన్వర్టరూ పెట్టి, అక్కడే న్యూట్రల్‌ని ఎర్త్‌తో కలుపుతూ ఒక రాగి లింకు వేశాడు. కరెంటు ఎక్కడైనా దారి తప్పితే, ఆ లింకు ఉంటేనే ట్రిప్ స్విచ్ పడిపోయి ప్రాణం కాపాడుతుంది. తర్వాత చిన్నల్లుడు వచ్చి, ముందు గదిలో కొత్త బోర్డు పెట్టి, అందులో తనదీ ఒక లింకు వేశాడు. లింకు ఒకే ఒక్క చోట ఉండాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా? బట్టలుతికే మెషిన్ తిప్పితే చాలు, స్విచ్ టప్పున పడిపోయేది. బట్టలు నురగలోనే నానేవి.

"ఆయన్ని తన లింకు తీసేయమనండి అత్తయ్యా" అంటాడు ఒకడు. "ముందు అతన్ని తీయమనండి" అంటాడు రెండోవాడు. ఎవడు పట్టిన కుందేలుకు వాడికి మూడే కాళ్లు.

సర్దుబాటు తన మందు బయటికి తీశాడు. చిన్నల్లుణ్ని వాకిట్లోకి పిలిచి, చెయ్యి పట్టుకుని, "బాబూ, చిన్నవాడివి, నువ్వే తగ్గు. ఆయనతో చెప్పన్లే" అన్నాడు. మర్నాడు పెద్దల్లుడితో, "పెద్దవారు, మీరే తగ్గాలి బాబూ. అతనికి తెలియనివ్వను" అన్నాడు. ఎప్పుడూ అంతే, ఇద్దరినీ అడిగితే ఒకరైనా దిగుతారని ఆయన లెక్క. ఆయన జన్మలో ఇద్దరూ దిగిన తగువు చూడలేదు.

ఈసారి ఇద్దరూ దిగారు. చిన్నవాడు వచ్చి, "తీసేశాను మామయ్యా" అని గుసగుసలాడాడు. ఆ తర్వాత పెద్దవాడూ వచ్చాడు. "తీసేశాను. అతనిది ఉందిగా, అది చాలు" అన్నాడు. సర్దుబాటు ఆ మాట విన్నాడు. విని, ఇచ్చిన మాట తప్పకూడదని నోరు మెదపకుండా నవ్వాడు. ఆయనకు బట్ట తెలుసుగానీ కరెంటేం తెలుసు?

భార్యకు మాత్రం చెప్పేశాడు. "ఏమేవ్, ఇద్దరూ తగ్గారే!"

"నా అల్లుళ్లు బంగారమండీ. చూస్తూ ఉండండి, ఇక మాట్లాడుకుంటారు" అని ఆవిడ కళ్లొత్తుకుంది. స్విచ్ పడటం మానేసింది. ఇల్లు చల్లబడిందనుకున్నారు.

ఆ వానల్లోనే బావి మోటారు తీగ చెడి నీళ్లలోకి కరెంటు వదలడం మొదలుపెట్టింది. మెషిన్ లోపల ఇంకో తీగ ఒరుసుకుపోయి పైరేకుకు తగిలింది. అటు తడినేల, ఇటు మెషిన్, రెంటినీ తాకినవాళ్ల గుండానే కరెంటు పారుతుంది. లింకు ఉండి ఉంటే స్విచ్ అప్పుడే పడేది. పడలేదు. ఆవిడ తడికాళ్లతో బట్టలు తీయబోయి, మెషిన్ మూత పట్టుకుంది. సర్దుబాటు కుట్టుమిషన్ చప్పుడులో ఏమీ వినలేదు. లేచి వెళ్లేసరికి అంతా అయిపోయింది.

కర్మకాండలన్నీ ముగిశాక అల్లుళ్లు చెరో స్క్రూడ్రైవరూ పట్టుకుని లేచారు. తప్పు ఎదుటివాడిదేనని ఇద్దరికీ నమ్మకం. పెద్దవాడు ముందు గదిలో బోర్డు విప్పాడు, చిన్నవాడు వెనక గదిలో ఇన్వర్టరు విప్పాడు. తర్వాత ఇద్దరూ నడిమింట్లోకి వచ్చారు.

"అన్నయ్యా, మీ లింకేదీ?"

"తీసేశా. నీది ఉంది కదాని."

"నేనూ మీది ఉందనే..." అన్నాడు చిన్నవాడు. "మామయ్య బతిమాలితే తీశా."

"నన్నూ బతిమాలాడు."

ఇద్దరూ తలలు తిప్పి, కుట్టుమిషన్ ముందు ముక్కాలిపీట మీద కూర్చున్న ఆయన వైపు చూశారు. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తున్నాడు.

కాసేపటికి పెద్దవాడే, "ఇన్వర్టరు దగ్గరే వేద్దామా?" అన్నాడు. చిన్నవాడు, "అక్కడే సరైందన్నయ్యా, నేను దీపం పట్టుకుంటా" అన్నాడు. ఇద్దరూ వెనక గదిలోకి వెళ్లి మెల్లగా ఏదో మాట్లాడుకుంటున్నారు.

ఆ మాటలు వినపడగానే సర్దుబాటు అలవాటు చొప్పున వంటింటి వైపు తిరిగాడు.

"ఏమేవ్, విన్నావా..." అన్నాడు.