214 బిస్

లూసియా వాళ్ల నాన్న చేసిన మోసం నాకు దొరికింది మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు. పదకొండింటికి ఆమె వీడియో కాల్‌లో కూర్చోవాలి. ఈ గంటన్నరలో నేను నోరు విప్పాలా, మూసుకోవాలా? వద్దన్నా నా పీకలమీదికి వచ్చింది వ్యవహారం.

నా పేరు సూర్యప్రకాశరావు. రెవెన్యూ శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, డిప్యూటీ కలెక్టరుగా రిటైరై, ఇప్పుడు పరాయి దేశంలో, కాపెల్ అనే ఊళ్లో కూతురింట్లో ఉంటున్నాను. ఇక్కడ నన్ను ఎవరూ ఒక్క సంతకం కూడా అడగరు. అదే నా రోగం. అందుకే పక్కింటి లూసియా మూడు నెలల కిందట నాలుగు అట్టపెట్టెల పాత కాగితాలు చూపించి, వీటిని వరసలో పెట్టడానికి సాయం చేస్తారా అని అడిగితే నాకు ప్రాణం లేచివచ్చింది.

ఆ కాగితాలు వాళ్ల నాన్న ఔరేలియో తొసెల్లివి. ఇటలీలో ఒక స్టేషన్‌మాస్టరు కొడుకు. లా చదివి, సర్కారు పరీక్ష రాసి, నలభై నిండకుండానే ప్రిఫెక్టు అయ్యాడు. మన జిల్లా కలెక్టరు లాంటి ఉద్యోగమే. 1974 నవంబరులో రోక్కవెర్నా అనే ఊరిని ఏరు ముంచేసి పందొమ్మిది మంది పోయారు. ఈయన మోకాలి లోతు బురదలో నిలబడి జనానికి తిండి పెట్టించాడని పేపర్లు ఆకాశానికెత్తాయి. ఆ పేరుతోనే ఎన్నికల్లో గెలిచాడు. రెండుసార్లు సెనేటరు, ఒకసారి సహాయ మంత్రి. ఆయన పోయి పదేళ్లయింది.

ఇప్పుడు ఆ ఊళ్లో కొత్త వంతెనకు ఆయన పేరు పెడదామని టౌన్ కౌన్సిల్ అనుకుంది. ఒక్కడు అడ్డం పడ్డాడు. పియెత్రో అని, అప్పటి టెలిఫోన్ ఆపరేటరు కొడుకు. ఊరు ఖాళీ చేయించమని ప్రిఫెక్టు మధ్యాహ్నమే ఆర్డరిచ్చాడనీ, ఆపరేటరు దాన్ని అందించకుండా తాగి పడుకున్నాడనీ అప్పట్లో విచారణలో తేల్చారు. ఆపరేటరు ఉద్యోగం ఊడింది. చచ్చేదాకా ఊరంతా అతని ముఖాన ఉమ్మింది. మా నాన్నకు అసలు ఏ ఆర్డరూ రాలేదంటాడు కొడుకు. ఆ నోరు మూయించడానికి లూసియా ఈవేళ ఆ ఆర్డరును కౌన్సిల్‌కు చూపించబోతోంది.

దాన్ని పెట్టెలోంచి వెతికి తీసిన ఘనుణ్ణి నేనే.

ఈ పొద్దున దాని నంబరు చూశాను. 214 బిస్. బిస్ అంటే ఏమిటంటే, అదే నంబరు మీద ఇంకోటి ఎక్కించడమని లూసియా చెప్పింది. మా ఆఫీసుల్లో దాన్ని 214-ఏ అంటాం. బయటికి వెళ్లే ప్రతి కాగితానికీ రిజిస్టరులో వరస నంబరు పడుతుంది. వెనకటి తేదీతో ఒక కాగితం పుట్టించాలంటే అక్కడ ఖాళీ ఉండదు. అప్పుడు రెండు గీతల మధ్య ఇలా ఇరికిస్తారు. నిజంగానే మరిచిపోయి ఇరికించేవాళ్లూ ఉంటారు, కాదనను. అందుకని ఆర్డరు మొత్తం లూసియాచేత చదివించుకున్నాను. ఖాళీ చేయవలసిన వీధులు పదకొండు. ఆఖరిది తోళ్ల కార్ఖానా సందు, అందులోనూ తొమ్మిదో నంబరు ఇంటిదాకానే. విచారణ కాగితాల్లోని వరద మ్యాపు తీశాను. నీళ్లు సరిగ్గా ఆ తొమ్మిదో నంబరు ఇంటి దగ్గరే ఆగాయి.

ఏరు పొంగకముందే అది ఎవరి గడపదాకా వస్తుందో చెప్పగల అధికారి భూమ్మీద పుట్టలేదు.

మాత్ర వేసుకుని వస్తానని లూసియాకు అబద్ధం చెప్పి ఇంటికొచ్చి పడ్డాను. మా ఆవిడ గిరిజ వంటింట్లో ఉంది. సంగతంతా చెప్పాను.

“మనకెందుకండీ ఈ గొడవ? ఆవిడ మనసు విరిచేసి మీరు బావుకునేదేముంది?” అంది. పైగా అంత కచ్చితంగా మీకెలా తెలుసు, మీరేమన్నా అక్కడున్నారా అని దబాయించింది.

“నేనూ రాశాను గనక తెలుసు” అన్నాను.

నలభై ఆరేళ్ల కాపురంలో ఆమెకు ఆ మాట చెప్పడం అదే మొదలు. తుఫాను ఏడాది నేను మండల రెవెన్యూ అధికారిని. వైర్‌లెస్‌లో హెచ్చరిక వచ్చింది. ఇలాంటివి ఎన్ని చూడలేదని కాగితం పక్కన పడేసి భోజనానికి వెళ్లాను. తెల్లారేసరికి మూడు పల్లెలు లేవు. నాలుగో రోజు, కలెక్టరు వచ్చేలోపు, వెనకటి తేదీతో ఆర్డరు పుట్టించాను. ఫలానా మూడు పల్లెలు ఖాళీ చేయించవలెను. సరిగ్గా ఆ మూడే. దండోరా వేయలేదన్న నేరం గ్రామసేవకుడు ఏసుపాదం నెత్తిన పడింది. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

గిరిజ నా ముఖం వంక చూడకుండా స్టవ్ ఆపేసింది. తర్వాత, “పదిన్నరయింది. వెళ్లండి” అంది.

లూసియా లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. నంబరు సంగతీ, తొమ్మిదో ఇంటి సంగతీ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. నా సంగతి మాత్రం మింగేశాను. ఆమె ముఖం ఎర్రబడింది. మా నాన్న ముఖమైనా చూడని మీరు ఆయన్ని దొంగంటారా అని అరిచింది. బయటికి పొమ్మంటుందనే అనుకున్నాను. ఆమె మ్యాపు లాక్కుని, ఆర్డరులోని వీధులను ఒక్కొక్కటే పైకి చదువుతూ వేలితో వెతికింది. పదకొండూ చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. గడియారం పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

“కాల్ అయ్యేదాకా మీరు ఇక్కడే కూర్చోండి” అంది.

తెరమీద ఏడెనిమిది ముఖాలు. ఓ మూలన డెబ్బై దాటిన పియెత్రో. లూసియా ఇటాలియన్‌లో ఏం చెప్పిందో నాకు తెలియదు. బిస్ అన్న మాటా, పపా అన్న మాటా అర్థమయ్యాయి. పపా దగ్గర ఏడ్చేసింది. ఆమె ఆర్డరునూ మ్యాపునూ పక్కపక్కన పెట్టి కెమెరాకు చూపించింది.

పియెత్రో లేచి నిలబడ్డాడు. ఏదో అడిగాడు. ఇది ఎవరు కనిపెట్టారని అడిగాడట. లూసియా లాప్‌టాప్‌ను నావైపు తిప్పింది. ఆ ముసలాయన నా ముఖం చూసి, గుండెమీద చెయ్యి పెట్టుకుని తలవంచాడు. మా నాన్న చచ్చేదాకా ఎదురుచూసిన మనిషి మీరే అంటున్నాడని లూసియా చెప్పింది.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ దండం పుచ్చుకుని ఇంటికి పోవడం నా వల్ల కాలేదు.

“ఆయన్ని తల ఎత్తమనండి. ఇలాంటి ఆర్డరు నేనూ రాశాను. నా చేతిలో నాశనమైనవాడి పేరు ఏసుపాదం. ఉన్నదున్నట్టు చెప్పండి” అన్నాను.

లూసియా నన్ను చూసిన చూపు పగవాడికి కూడా వద్దు. అయినా చెప్పింది. పియెత్రో మెల్లగా కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. చిన్న గొంతుతో ఒక్క ప్రశ్న వేశాడు.

“ఆ ఏసుపాదానికి పిల్లలున్నారా అని అడుగుతున్నాడు” అంది లూసియా.

నాకు తెలియదు. ముప్పై అయిదేళ్లలో నేను ఒక్కసారీ కనుక్కోలేదు.