పన్నెండు లారీలు, నాలుగు బ్రేకులు

మా షెడ్డులో సైన్యం లారీలు పన్నెండు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే కొత్తది నాకంటే రెండేళ్లు పెద్దది. పెద్ద మెకానిక్‌ని కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది: అవి బండ్లు కావు, తలనొప్పులు. వాటిని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. విడిభాగాల కోసం అర్జీ పెడితే ఏడాదికి జవాబొస్తుంది, కొత్త లారీలు కొనబోతున్నాం, అంతవరకు సర్దుకోండి అని. ఆ మాట వినీ వినీ నా జుట్టు నెరిసింది.

సర్దుకోవడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు. బ్రేకు తొక్కినప్పుడు నూనెను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్లు మా దగ్గర పనిచేసేవి నాలుగే. పోయిన నెల పైనుంచి తనిఖీకి ఒకాయన వచ్చి, రోజుకు నాలుగు లారీల చొప్పున చూశాడు. ఆయన అటు బసకు వెళ్లగానే ఇటు మేం ఆ నాలుగు సిలిండర్లూ విప్పి, మర్నాడు చూడబోయే లారీలకు బిగించాం. మూడు రోజుల్లో పన్నెండూ పాసయ్యాయి. మా సారు నా భుజం తట్టి, "మాయగాడివయ్యా!" అన్నాడు. వెర్రివాణ్ణి, ఉబ్బితబ్బిబ్బయ్యాను.

నిన్న మధ్యాహ్నం ఉత్తరం వచ్చింది. లారీలన్నీ భేషుగ్గా ఉన్నాయని తనిఖీలో తేలింది కాబట్టి కొత్తవి కొనడం మానుకున్నారట. ఇవే ఇంకో ఆరేళ్లు నడపాలట. దానితోపాటే ఇంకో కాగితం: మర్నాడు పొద్దున ఐదు లారీలు కొండమీది శిబిరానికి సరుకు తీసుకెళ్లాలి. ఐదో లారీ డ్రైవరు నా తమ్ముడు.

కాగితం పట్టుకుని సారు గదికి పరుగెత్తాను.

"నాలుగే వెళ్తాయి సార్. ఐదోదానికి బ్రేకు లేదు. పనికిరాదని రాసిస్తాను."

ఆయన ఫైలు తెరిచి నా ముందుకు తోశాడు. పన్నెండు చోట్ల నా సంతకం.

"ఇదెవరిదయ్యా?"

"నాదే సార్."

"దాని కింద నాది. ఇప్పుడు లేదంటే ఇద్దరం జైలుకు పోతాం. సరే, పోదాం. కానీ కొండమీద వాళ్లకు మందులైపోయి నాలుగు రోజులైంది. తిండీ అయిపోవచ్చింది. ఐదు లారీల సరుకు నాలుగింట్లో పట్టదు."

"రెండుసార్లు తిప్పుదాం సార్."

"ఆ దారి ఒక్కరోజే తెరుస్తారు." ఆయన తల పట్టుకున్నాడు. "ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

తిట్టి పంపినా బాగుండేది, నేనూ తిట్టుకుంటూ వచ్చేవాణ్ణి.

షెడ్డుకొచ్చి బల్ల మీద కూలబడ్డాను. తమ్ముడికి ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. కాసేపటికి లేచి, పానా తీసుకుని గడియారం లారీ దగ్గరికి నడిచాను. గడియారం అంటే ఆ ఐదుగురిలోనే ఇంకో డ్రైవరు. ఏ పనికైనా పది నిమిషాలు ముందే వస్తాడని అందరం అలా పిలుస్తాం. అప్పుడే లారీ తుడుచుకుంటున్నాడు.

"ఏంటన్నా, నా బండి చూస్తున్నావా?"

"ఊఁ. బ్రేకు ఒకసారి విప్పుతాను."

"నువ్వు చూస్తే ఇంక నాకు దిగులేంటి!"

కారుతున్న నూనె కింద డబ్బా తనే పట్టుకున్నాడు. నేను అతని మంచి సిలిండర్ విప్పేసి, అరిగిపోయిన ఇంకో సిలిండర్‌కి పాత రబ్బరు తొడిగి బిగించాను. తొక్కి చూస్తే పెడల్ కాస్త ఆగి, మెల్లగా కిందికి జారింది. అప్పుడతను నాకు టీ తేవడానికి వెళ్లాడు. ఆ టీ సిగ్గులేకుండా తాగి, మంచి సిలిండర్‌ని తమ్ముడి లారీకి బిగించాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఈ పొద్దున ఆరింటికి లారీలు బయల్దేరాయి. తమ్ముడు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. అందరికంటే వెనక గడియారం. నిజం చెప్పేద్దామనే అతని లారీ తలుపు పట్టుకున్నాను. చెబితే తమ్ముడి లారీని వెనక్కి పిలిపించి, ఆ సిలిండర్ మళ్లీ విప్పాలి.

"కొండ దిగేటప్పుడు గేర్లోనే దించు. బ్రేకుని నమ్ముకోకు. విన్నావా?"

గడియారం నవ్వాడు. "అదేం మాటన్నా, నిన్న చేసింది నువ్వే కదా! ఇంకెవరైనా చేసుంటే భయపడేవాణ్ణి."

వెనకనుంచి ఎవరో కదలమని ఈల వేశారు. తలుపు మీదున్న నా చేతిని అతను మెల్లగా తప్పించి, లారీ కదిలించాడు.